కడుపు నిండుతోంది, బరువు పెరగడం లేదు – పాపకు పద్నాలుగు నెలలు, సలహా కావాలి

బెంగళూరు సెంట్రింగ్ (సొంతూరు కళ్యాణదుర్గం దగ్గర) – ఆదివారం రాత్రి

అందరికీ నమస్కారం. ఈ వేదికలో ఇన్నాళ్లూ చదవడమే గాని రాసింది లేదు. తప్పులుంటే మన్నించండి.

నేను బెంగళూరులో సెంట్రింగ్ పని చేస్తాను. పదిహేను రోజులకోసారి ఊరికి వెళ్తాను. మొన్న వెళ్లినప్పుడు అంగన్‌వాడీలో మా పాపను తూచారు. 7.1 కిలోలు. జబ్బకు రంగుల పట్టీ చుట్టి 12 సెంటీమీటర్లు అన్నారు. కార్డులో చుక్క పసుపు గీతలో పడింది. ఎరుపుకు దగ్గరగా ఉందని కూడా చెప్పారు.

పాప తినదని కాదు. పొద్దున ఒక గ్లాసు రాగి జావ, పది గంటలకు టీలో ముంచిన బిస్కెట్లు రెండు, మధ్యాహ్నం చారన్నం, సాయంత్రం మళ్లీ జావ, రాత్రి గేదె పాలు. ఎప్పుడు చూసినా కడుపు నిండుగానే ఉంటుంది. నెలకు నాలుగు వందలు పెట్టి బలం పొడి డబ్బా కూడా పంపుతున్నాను.

నా భార్యకు ఇప్పుడు ఐదో నెల. కడుపుతో ఉన్నప్పుడు పాలిస్తే బిడ్డకు పడవని రెండు నెలల క్రితం వేపాకు పూసి మాన్పించారు. ఆమె కూలికి వెళ్తుంది. పాపను చూసుకునేది మా అమ్మ. మా అవ్వేమో పక్షిదోషం అని తాయెత్తు కట్టించింది.

నేను అడగాలనుకున్నది ఒక్కటే. ఏ టానిక్ వాడితే బరువు పెరుగుతుంది?

అంగన్‌వాడీ అక్క, ఉరవకొండ – ఆదివారం రాత్రి

తమ్ముడూ, టానిక్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మూడు ప్రశ్నలు. గ్లాసు జావలో పిండి ఎన్ని చెంచాలు? గేదె పాలలో నీళ్లు కలుపుతున్నారా? అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం ప్యాకెట్ నెలకు రెండున్నర కిలోలు, అది ఎవరి కడుపులోకి పోతోంది?

ఇంకొక్కటి. తూచినప్పుడు పాప ఒంటి మీద ఏమేమి ఉన్నాయి?

బెంగళూరు సెంట్రింగ్ – సోమవారం పొద్దున

అమ్మకు ఫోను చేశాను అక్కా. జావలో రెండు చిన్న చెంచాల పిండి వేస్తుందట. పాలు సగం, నీళ్లు సగం. బాలామృతం మా అన్న పిల్లలు ఇద్దరూ వచ్చి తింటారు, తీపిగా ఉంటుంది కదా. తూచినప్పుడు స్వెటరు ఉంది, కాళ్లకు వెండి కడియాలు ఉన్నాయి.

పాతకాలపు సంగటి, పులివెందుల – సోమవారం

ఈ పట్టీలు, చార్టులు వచ్చాక ప్రతి బిడ్డా రోగిష్టే అయిపోయింది. మా ఇంట్లో ఏడుగురం. సంగటి, ఊరుబిండి తిని పెరిగాం. ఎవరూ తూచలేదు. తెల్లవాళ్ల పిల్లల కొలతలు తెచ్చి మన సీమ పిల్లల మీద పెడితే పసుపు గీత రాక ఇంకేమి వస్తుంది? మనది సన్నటి ఎముక. అమ్మాయి ఆడుకుంటోందా, నవ్వుతోందా? అది చూసుకో నాయనా.

తుంగభద్ర గట్టు (పిల్లల వైద్యుడు, కర్నూలు) – సోమవారం రాత్రి

సంగటి గారూ, ఆ చార్టు తెల్లవాళ్లది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన ప్రమాణాలకు ఆరు దేశాల పిల్లలను కొలిచారు. బ్రెజిల్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా, వాటితోపాటు మన దేశం. ఢిల్లీ పిల్లలూ అందులో ఉన్నారు. తల్లిపాలు, సరైన తిండి అందితే మొదటి ఐదేళ్లలో ఎక్కడి బిడ్డయినా దాదాపు ఒకేలా పెరుగుతుందని తేలింది. సన్నటి ఎముక అన్న మాట చాలాసార్లు మన తిండి లోటుకు కప్పిన దుప్పటి.

ఏడుగురం పెరిగాం అన్నారు. పెరిగినవాళ్లే కదా ఇవాళ ఆ మాట చెప్పగలిగేది. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 129 మంది ఏడాది నిండకుండానే పోయారు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి వచ్చింది.

అయితే సంగటి విషయంలో మీతో నాకు తగాదా లేదు. మీరు తిన్నది ముద్ద. ఈ పాప తాగుతున్నది నీళ్లు. ఇక్కడే ఉంది అసలు కథ.

రెండు చిన్న చెంచాలంటే పది, పన్నెండు గ్రాముల పిండి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 320 కిలోక్యాలరీలు ఉంటాయి. ఆ లెక్కన గ్లాసు జావలో నలభై కూడా లేవు. ఈ వయసు బిడ్డకు రోజుకు దాదాపు 900 కావాలి. తల్లిపాలు తాగే బిడ్డకైతే అందులో సుమారు 350 పాల నుంచే వస్తాయి. ఈ పాపకు ఆ వాటా రెండు నెలల క్రితం ఆగిపోయింది, దాని బదులు ఏదీ రాలేదు. బిడ్డ పొట్ట చిన్నది, కిలో బరువుకు ముప్పై మిల్లీలీటర్ల చొప్పున లెక్క వేయండి. ఏడు కిలోల పాపకు ఒక్క విడతకు ఒక గ్లాసు, అంతే. ఆ గ్లాసును నీళ్లతో నింపేస్తే మిగతా తిండికి చోటెక్కడిది? కడుపు నిండుగా ఉందని మీరన్నారు, నిజమే. నిండింది, అందలేదు.

జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల లోపు ఉంటే తీవ్ర పోషకాహార లోపం. 11.5 నుంచి 12.5 మధ్య ఉంటే మధ్యస్థం. 12 అంటే ఇంట్లోనే సరిచేయగలిగిన దశ, కానీ ఆలస్యం చేసే దశ కాదు. రెండు పాదాల పైన బొటనవేలితో మూడు సెకన్లు నొక్కి చూడండి. రెండింటిలోనూ గుంట పడి నిలిచిపోతే చార్టు ఏ రంగులో ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంట్లో ఎవరికైనా రెండు వారాలకు మించి దగ్గు ఉందా అన్నదీ చూసుకోండి. క్షయ సోకితే బిడ్డకు ఎంత పెట్టినా ఒంటబట్టదు.

కడప విశ్రాంత నర్సమ్మ – సోమవారం రాత్రి

అందరూ పాప దగ్గరే ఆగిపోయారు. ఐదో నెల అన్నాడు కదా ఆ అబ్బాయి, ఆ తల్లి రక్తం ఎంతుందో అడిగినవాళ్లు లేరు. నేను ముప్పై ఒక్క ఏళ్లు ఊళ్లు తిరిగాను. పసుపు గీత బిడ్డ ఉన్న ఇంట్లో తల్లి కనురెప్ప కిందికి లాగి చూడనిదే బయటికి వచ్చేదాన్ని కాదు. ఈ బిడ్డ బరువు తగ్గుతుంటే ఆ కడుపులో బిడ్డ ఏమి తిని పెరుగుతోంది?

బెంగళూరు సెంట్రింగ్ – మంగళవారం

పాదాలు నొక్కి చూడమని అమ్మకు చెప్పాను, గుంట పడలేదు. దగ్గు ఎవరికీ లేదు. నా భార్య కార్డు ఫొటో తెప్పించుకున్నాను. హిమోగ్లోబిన్ 8.6 అని ఉంది. మాత్రలు ఇచ్చారట. వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందని ఎవరో అంటే డబ్బాలో పెట్టేసిందట. ఈ సంగతి నాకు ఇప్పుడే తెలిసింది.

కడప విశ్రాంత నర్సమ్మ – మంగళవారం

అనుకున్నాను. ఆ మాత్ర వేసుకుంటే నల్లగా అయ్యేది మలం, బిడ్డ కాదు. ఆ ఒక్క మాట ముందే చెప్పి మాత్రలిస్తే సగం డబ్బాలు మూత పడవు.

గర్భిణికి 11 గ్రాముల లోపు ఉంటేనే రక్తహీనత. 8.6 అంటే రోజుకు ఒకటి కాదు, రెండు మాత్రలు. ఒక్కోదానిలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. నెల తర్వాత మళ్లీ రక్తం చూడాలి. కనీసం ఒక గ్రాము పెరగకపోతే సూది మందు ద్వారా ఇనుము ఎక్కించాల్సి రావచ్చు, ఆ నిర్ణయం డాక్టరుది. మాత్రతో టీ వద్దు. క్యాల్షియం మాత్ర వేరే పూట వేసుకోవాలి, రెండూ కలిపి మింగితే ఇనుము ఒంటబట్టదు. నిమ్మరసం తోడైతే మంచిది. కడుపులో తిప్పితే పడుకునే ముందు వేసుకోమను. నులిపురుగుల మాత్ర ఇచ్చారో లేదో అడుగు, నాలుగో నెల నుంచి ఇవ్వవచ్చు. ప్రతి నెలా తొమ్మిదో తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులను డాక్టరే చూస్తారు. ఆ రోజు కూలికి పంపవద్దు, ఆసుపత్రికి పంపు.

ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని మీ ఇంట్లో అంటున్నారా? అంటూనే ఉంటారు. తొమ్మిది నెలల్లో పది, పన్నెండు కిలోలు పెరగాలి తల్లి. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తినే కోడలికి ఆ పది కిలోలు ఎక్కడినుంచి వస్తాయి?

తుంగభద్ర గట్టు – మంగళవారం రాత్రి

నర్సమ్మ గారు సరిగ్గా పట్టుకున్నారు. దీనికి వైద్యంలో ఒక పాత మాట ఉంది. క్వాషియార్కర్. ఘనా దేశంలోని గా భాష నుంచి ఆ పదాన్ని 1935లో వైద్య ప్రపంచానికి తెచ్చింది సిసిలీ విలియమ్స్ అనే డాక్టరమ్మ. కొత్త బిడ్డ వచ్చినప్పుడు పెద్ద బిడ్డకు వచ్చే జబ్బు అని దాని అర్థం. ఆ ఊరి తల్లులు జబ్బు పేరులోనే కారణం కూడా చెప్పేశారు. మీ పాపకు ఆ జబ్బు లేదు, పాదాల్లో వాపు లేదు కదా. కానీ దారి మాత్రం అదే. చంటిబిడ్డ చోటులోకి ఇంకో బిడ్డ వస్తోంది, పాలు ఆగాయి, పాల చోటులోకి నీళ్లొచ్చాయి.

గర్భంతో ఉండగా పాలిస్తే చెడుతుందన్నది అపోహ. రక్తస్రావమో, నెలలు నిండకుండా కాన్పయ్యే భయమో ఉంటే తప్ప ఇవ్వవచ్చు. అయితే మాన్పించి రెండు నెలలైంది, 8.6 రక్తంతో ఉన్న ఆ తల్లిని ఇప్పుడు వెనక్కి లాగను. పాపకు నీళ్లు కలపని పాలు రోజుకు 300 నుంచి 500 మిల్లీలీటర్లు, కాచి, గిన్నెతో పట్టండి. సీసా వద్దు. ఏడాది దాటిన బిడ్డకు పాలలో నీళ్లు కలపాల్సిన పనే లేదు.

నాలుగు వందల పొడి డబ్బా వెనకవైపు చదవండి, అందులో చక్కెర ఎంతుందో. ఆ డబ్బుతో పాపకు నెలంతా రోజుకో గుడ్డు పెట్టవచ్చు.

కొర్రల కొట్టు, జమ్మలమడుగు – మంగళవారం రాత్రి

డాక్టరు గారు లెక్క చెప్పారు, నేను పొయ్యి దగ్గరి సంగతి చెబుతాను. చిక్కగా చేస్తే బిడ్డ మింగదు, పలుచగా చేస్తే బలం ఉండదు. దీనికి మన పెద్దవాళ్ల దగ్గరే ఉపాయం ఉంది. రాగులను నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలక వచ్చాక నీడలో ఆరబెట్టి, దోరగా వేయించి విసరాలి. మొలక వచ్చిన గింజలో పిండిని విడగొట్టే గుణం పుడుతుంది. చిక్కగా ఉడికిన మామూలు జావను కాస్త చల్లారనిచ్చి, గోరువెచ్చగా ఉన్నప్పుడు ఈ మొలకల పిండి ఒక చెంచా కలిపి చూడండి. మీ కళ్ల ముందే జారుగా మారుతుంది. ఒక్క చుక్క నీరు పోయలేదు, పిండి తగ్గలేదు, బిడ్డ గుటుక్కున మింగుతుంది. తర్వాత మళ్లీ ఒకసారి పొంగనిచ్చి దించండి.

ఒక గిన్నెకు నేను వేసే కొలత ఇది. రాగిపిండి 25 గ్రాములు, వేయించి పొట్టు తీసిన చెనిక్కాయల (వేరుశనగల) పొడి 10 గ్రాములు, బెల్లం 10 గ్రాములు, చివర్లో చెంచా నెయ్యి. రెండు వందల కిలోక్యాలరీలు దాటుతుంది. రాగుల్లో సున్నం, అంటే క్యాల్షియం, ఎంతో తెలుసు కదా, వంద గ్రాములకు 350 మిల్లీగ్రాముల దగ్గర. పాలకంటే దాదాపు మూడు రెట్లు.

మీది అనంతపురం జిల్లా, చెనిక్కాయలకు కొదవ లేదు. కానీ ఒక్క మాట. బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి, చేదుగా ఉన్నవి ఏరి పారేయండి. ఆ బూజు విషం వేయించినా పూర్తిగా పోదు, కాలేయానికి చేటు. అమ్మడానికి మంచివి, ఇంటికి తాలు ఉంచుకునే అలవాటు మన రైతులకు ఉంది. బిడ్డ విషయంలో ఆ లెక్క తిరగేయండి. పొడి మెత్తగా ఉండాలి, పలుకులు పలుకులుగా పెడితే గొంతులో అడ్డం పడతాయి.

ఒక పాఠకురాలు, నంద్యాల – బుధవారం

మా అత్తగారు రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ గింజలు వస్తున్నాయని ఒక్కొక్కటి ఏరి పారేసేవారు. అవి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి తయారుచేసిన బలవర్ధక గింజలని తెలిసేసరికి ఏడాది గడిచింది. నీళ్లలో తేలుతాయి, రంగు కాస్త తేడాగా ఉంటుంది. బియ్యంలో ఉన్న మందునంతా కోళ్లకు వేశాం. మా కోళ్లకు మాత్రం రక్తహీనత లేదు.

బెంగళూరు సెంట్రింగ్ – బుధవారం రాత్రి

మీరందరూ చెప్పినవి కాగితం మీద రాసుకుని రాత్రి అమ్మకు ఫోను చేసి చదివాను. నీళ్లు తాగిస్తున్నావు, పాలు చెడగొట్టావు, బాలామృతం అందరికీ పంచావు అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. ఫోను నా భార్యకు ఇచ్చేసింది. ఇవాళ రెండుసార్లు చేస్తే ఎత్తలేదు.

అంగన్‌వాడీ అక్క, ఉరవకొండ – బుధవారం రాత్రి

చదివి వినిపించావా! నేరారోపణ పత్రం లాగా?

చూడు తమ్ముడూ. మా సమావేశాలకు తల్లులను పిలుస్తాం. బొమ్మలు చూపిస్తాం, కొలతలు చెబుతాం. తల్లులు తలూపుతారు, మరుసటి రోజు కూలికి పోతారు. చెంచా పట్టుకునేది అవ్వ. ఆమెను ఎవరూ పిలవరు. మా కేంద్రంలో నేను ఎనిమిదేళ్లు ఇదే తప్పు చేశాను. ఒకసారి ఒక అవ్వే వచ్చి అడిగింది, ఏమ్మా, నా కోడలికి చెప్పినవి నాకు చెప్పకూడదా, నేనేమైనా పరాయిదాన్నా అని. అప్పటినుంచి తూకం రోజున అవ్వలనే రమ్మంటున్నాను.

మీ అమ్మను ఒక్క ప్రశ్న అడుగు. చెప్పకు, అడుగు. నిన్ను పెంచినప్పుడు నీకు ఏమి పెట్టింది?

పాతకాలపు సంగటి, పులివెందుల – గురువారం

ఇది నాకు నచ్చింది. మా అమ్మ అయితే ఆ కాగితాన్ని పొయ్యిలో పెట్టి ఉండేది.

బెంగళూరు సెంట్రింగ్ – శనివారం రాత్రి

ఊరికి వచ్చాను. అక్క చెప్పినట్టే అడిగాను. అమ్మ మొదట ముభావంగా ఉంది. తర్వాత తనే అటక మీదినుంచి ఇత్తడి ఉగ్గుగిన్నె దించింది. నాకు బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి విసిరి, నెయ్యి వేసి, గరిటె జారనంత చిక్కగా ఉగ్గు చేసి పెట్టిందట. వేలితో నాలుక మీద పెట్టేదట.

మరి పాపకెందుకు పలుచగా చేస్తున్నావు అని అడిగాను. అప్పుడు చెప్పింది. పాపకు ఎనిమిదో నెలలో విరేచనాలైతే ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. తగ్గేదాకా పలుచగా జావ పట్టండి అన్నాడట. తగ్గింది. "చిక్కగా పెట్టొచ్చని మళ్లీ ఎవరూ చెప్పలేదు నాయనా, డాక్టరు చెప్పింది మార్చడానికి నేనెవరిని" అంది.

ఆరు నెలలుగా మా అమ్మ డాక్టరు మాటే పాటిస్తోంది. పాలలో నీళ్లు కూడా అప్పటినుంచే.

తుంగభద్ర గట్టు – శనివారం రాత్రి

ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను కూడా రోజుకు పదిసార్లు అంటుంటాను, తగ్గేదాకా తేలికగా పెట్టండి అని. తగ్గాక ఏమి పెట్టాలో చెప్పిన చీటీ ఒక్కటీ గుర్తు రావడం లేదు. నిజానికి విరేచనాలప్పుడు కూడా తిండి తగ్గించకూడదు, తగ్గాక రెండు వారాలు రోజుకు ఒక పూట అదనంగా పెట్టాలి. సోమవారం నుంచి నా చీటీలో కిందివైపు ఒక వాక్యం చేరుతుంది. మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి.

ఆదోని వైపు అమ్మాయి – ఆదివారం

అన్నా, మీ అమ్మ దగ్గరైనా బిడ్డ ఉంది. మా వైపు కథ వేరు. కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం ఊళ్లలో పంట అయిపోగానే సగం ఇళ్లకు తాళాలు పడతాయి. ఈ వలసను సుగ్గి అంటాం. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వెళ్తాం. బడికి పోయే పిల్లలను హాస్టల్లోనో ముసలివాళ్ల దగ్గరో వదులుతాం. పాలు తాగే బిడ్డను ఎవరి దగ్గర వదలాలి? చంకనేసుకుని పోవాల్సిందే.

మా బాబుకు అప్పుడు పదకొండు నెలలు. చేను గట్టున కొయ్యకు చీర కట్టి ఉయ్యాల వేశాను. మిరప ఘాటుకు చేతులు మండుతుంటే బిడ్డకు పాలివ్వడానికి కూడా భయమేసేది, ఆ చేత్తో ముట్టుకుంటే ఏడ్చేవాడు. వంట రాత్రి ఒక్కపూటే. పగలు బిస్కెట్లు. మూడు నెలలు తూకం లేదు, గుడ్లు లేవు, ప్యాకెట్ లేదు. పేరు మా ఊళ్లో ఉంది, బిడ్డ ఇంకో ఊళ్లో ఉన్నాడు. అక్కడి కేంద్రంలో అడిగితే మీ పేరు ఇక్కడ లేదన్నారు. తిరిగొచ్చేసరికి పట్టీ ఎరుపు చూపించింది, 11.2.

పెద్దాసుపత్రిలో పోషకాహార పునరావాస కేంద్రానికి పంపారు. పద్నాలుగు రోజులు ఉన్నాం. మొదట కొద్దికొద్దిగా ప్రత్యేకమైన పాలు, రెండు మూడు గంటలకోసారి, రాత్రిళ్లు కూడా. ఆకలితో ఉన్న బిడ్డకు ఇంత తక్కువ ఇస్తారేమిటని నేను నర్సుతో గొడవపడ్డాను. తర్వాత వాళ్లే చిక్కటి పాలకు మార్చారు. ఇప్పుడు వాడికి నాలుగేళ్లు. బడికి పోతున్నాడు. ఎత్తు మాత్రం తోటి పిల్లల కంటే తక్కువే.

తుంగభద్ర గట్టు – ఆదివారం

అమ్మా, మీరు గొడవపడటం సహజమే. కానీ తీవ్రంగా చిక్కిన బిడ్డకు మొదటి రోజుల్లో ఒక్కసారిగా ఎక్కువ పెడితే గుండె తట్టుకోలేదు. అందుకే వంద మిల్లీలీటర్లకు 75 కిలోక్యాలరీలున్న పాలతో మొదలుపెట్టి, ఆకలి తిరిగి వచ్చాక 100 ఉన్నదానికి మారుస్తారు. ఇనుము సిరప్ కూడా మొదట ఇవ్వరు. చిక్కిన బిడ్డకు ఇంట్లో సొంతంగా టానిక్‌లు పోయవద్దనేది ఇందుకే. మొదట టానిక్ పేరు అడిగిన సెంట్రింగ్ గారూ, మీకు సమాధానం ఇప్పుడిచ్చాను.

ఎత్తు గురించి రాశారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 31 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. 63 శాతం మందిలో రక్తహీనత ఉంది. బరువు కొన్ని వారాల్లో తిరిగి తెచ్చుకోవచ్చు, ఎత్తు అంత సులభంగా రాదు. మొదటి రెండేళ్ల మీద మేము అంత పట్టుదలగా ఉండేది దీనికే.

నిర్వాహకులు

ఈ చర్చను ముందు పేజీలో ఉంచుతున్నాం. మందుల మోతాదులు ఎవరికి వారు మీ దగ్గరి ఆరోగ్య కేంద్రంలో అడిగి తెలుసుకోండి. సంగటి గారు కోరినట్టు ఊరుబిండి చర్చను వేరే విభాగానికి మార్చాం.

బెంగళూరు సెంట్రింగ్ – రెండు వారాల తర్వాత

మధ్యలో ఒక దెబ్బ తగిలింది. పాపకు మళ్లీ విరేచనాలు పట్టుకున్నాయి. లంఖణం పరమౌషధం అని మా అవ్వ తిండి ఆపమంది. ఈసారి మా అమ్మే ఒప్పుకోలేదట. చిక్కటి ఉగ్గు తినడానికి మొరాయిస్తే కొంచెం కొంచెంగా ఆరుసార్లు పెట్టిందట. ఆశా కార్యకర్త ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, జింక్ మాత్రలు ఇచ్చింది. విరేచనాలు మూడో రోజుకు తగ్గినా జింక్ మాత్ర పద్నాలుగు రోజులూ వేయాలంది, వేస్తున్నాం.

తాయెత్తు తీయలేదు. అది అవ్వది, ఉండనీ అంది అమ్మ.

కడప విశ్రాంత నర్సమ్మ

ఉండనీ. బిడ్డ నోట్లో పెట్టుకోకుండా తాడు పొట్టిగా కట్టమను. తల్లి మాత్రల సంగతి చెప్పలేదు.

బెంగళూరు సెంట్రింగ్

వేసుకుంటోంది నర్సమ్మా. మొదటి వారం మలం నల్లగా వస్తే కంగారు పడి నాకు ఫోను చేసింది. మీరు ముందే చెప్పారు కాబట్టి నేను నవ్వాను. తనకు కోపమొచ్చింది. టీ మధ్యాహ్నానికి మార్చింది. అమ్మ ఇప్పుడు కోడలి పళ్లెం ముందే పెడుతోంది. మొదటిసారి పెట్టినప్పుడు ఈమెకు ముద్ద దిగలేదట, అత్త ఆకలితో చూస్తుంటే ఎలా తినాలని.

అంగన్‌వాడీ అక్క, ఉరవకొండ

మరి అన్న పిల్లలకు ఏమి పెడుతున్నారు? ప్యాకెట్ కోసం వాళ్లు ఇంకా వస్తున్నారా?

బెంగళూరు సెంట్రింగ్

వస్తున్నారు అక్కా. వాళ్లకు చెనిక్కాయ ఉండలు చేసి పెడుతోంది. బాలామృతాన్ని అమ్మ వేరే డబ్బాలో పోసి మూత మీద సుద్దముక్కతో పాప బొమ్మ గీసింది. ఉండలు బాగున్నాయని ఇప్పుడు పాప కూడా వాటికే ఎగబడుతోందట, నలిపి పెడుతున్నారు.

బెంగళూరు సెంట్రింగ్ – నెల రోజులకు

ఇవాళ తూకం. అమ్మే తీసుకెళ్లింది. స్వెటరు లేదు, కడియాలు లేవు. 7.5 కిలోలు. జబ్బ 12.3. చుక్క ఇంకా పసుపులోనే ఉంది, కానీ గీత పైకి తిరిగింది. నా భార్య రక్తం 9.7.

అమ్మ అక్కడి టీచరుతో వాదించిందట. పోయిన నెల కడియాలతో తూచారు కాబట్టి ఆ బరువు కూడా ఇప్పుడు కలపాలని. కడియాలు తీసుకెళ్లి కంసాలి దగ్గర తూయించింది కూడా, 62 గ్రాములు.

అంగన్‌వాడీ అక్క, ఉరవకొండ

కలపరు. పోయిన నెల అంకెలోంచి తీసేయాలి, అప్పుడు మీ పాప పెరిగింది నాలుగు వందల గ్రాములు కాదు, ఇంకాస్త ఎక్కువే. స్వెటరు కూడా తూయించమను.

బెంగళూరు సెంట్రింగ్

చెప్పాను. స్వెటరు పక్కింటివాళ్లకు ఇచ్చేసిందట. కడియాలు అమ్మి నాలుగు పెట్టలు కొందాం, గుడ్లు ఇంట్లోనే వస్తాయి అంటోంది. మా అవ్వ ఒప్పుకోవడం లేదు, అవి ఆమె పుట్టింటి వెండి. ఆదివారం నేను వెళ్లాక తేలుతుంది. కళ్యాణదుర్గం సంతలో నాటు పెట్ట ధర ఎంతుందో ఎవరికైనా తెలుసా?